గడప దగ్గర ఆగడం: ముస్లిం దేశాల యాత్రాకథనాల్లో మర్యాద

యాత్రాసాహిత్యాన్ని విమర్శించేటప్పుడు మనం సాధారణంగా మూడు సంగతులు చూస్తాం. రచయిత ఏం చూశాడు, చూసినదాన్ని ఎంత నిజంగా చెప్పాడు, ఎంత ఇంపుగా చెప్పాడు. నాలుగో ప్రశ్న కూడా ఒకటుంది. తనది కాని ఊళ్ళో, తనది కాని దేవుడి ముంగిట రచయిత ఎలా మసలుకున్నాడు? ఇది నీతికి సంబంధించిన ప్రశ్న, సాహిత్యవిమర్శకు దీనితో పని లేదని కొందరంటారు. ఈ వాదన నిలవదు. నవలలో పాత్ర నడవడిక రచయిత కల్పన. యాత్రాకథనంలో రచయితే పాత్ర. అతను ఏ తలుపు దగ్గర ఆగాడు, ఏ తలుపు తోసుకుని వెళ్ళాడు అన్నదాన్ని బట్టే మనకు ఏం చూపించగలడో తేలుతుంది. కాబట్టి యాత్రాకథనంలో మర్యాద వస్తువుకూ సంబంధించినదే, శిల్పానికీ సంబంధించినదే.

తెలుగు విమర్శలో ఈ ప్రశ్న అంతగా వినిపించకపోవడానికి ఒక కారణం కనిపిస్తుంది. మన యాత్రాసాహిత్యానికి ఆద్యమైన కాశీయాత్ర చరిత్రను రాసిన ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే నెలలో బయలుదేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. పుస్తకం 1838లో అచ్చయింది. దారిలో భాషలు మారాయి, పాలకులు మారారు, తిండి మారింది. అయినా ఆయన గమ్యం తన క్షేత్రాలే. గర్భగుడి ముందు ఆయన పరాయివాడు కాదు. యాత్ర అనగానే మనకు తీర్థయాత్ర గుర్తుకు రావడం అప్పటినుంచీ, అంతకు ముందునుంచీ ఉన్న అలవాటు. పరమతస్థుల పుణ్యస్థలం ముందు భక్తుడుగా కాక చూపరిగా నిలబడ్డవాడి పరిస్థితి వేరు. అతనికి లోపల హక్కు లేదు, కుతూహలం మాత్రం ఉంది. ఆ కుతూహలాన్ని అతను ఏం చేసుకున్నాడన్నదే ఇక్కడ మన పరిశీలన. అందుకు ముస్లిం సమాజాల మధ్య సాగిన కొన్ని ప్రసిద్ధ యాత్రాకథనాలను తీసుకుందాం.

మాటల వెనుక ఉన్న ఎల్ల

ముందుగా మాటలు. 'మర్యాద' అన్న సంస్కృత పదానికి ఎల్ల, పొలిమేర, సముద్రపు చెలియలికట్ట అనే అర్థాలున్నాయి. తెలుగులో అది ఎదుటివారి పట్ల చూపే గౌరవంగా, అతిథికి చేసే ఆదరంగా స్థిరపడింది. 'హద్దు' అరబ్బీ 'హద్ద్'. పారశీకం, ఉర్దూల మీదుగా మనకు చేరింది. 'సరిహద్దు' కూడా ఆ దారినే వచ్చింది. ఒకటి సంస్కృతం నుంచి, ఒకటి అరబ్బీ నుంచి వచ్చినా, 'మర్యాద తప్పాడు', 'హద్దు మీరాడు' అన్న మాటలు తెలుగువాడి నోట పక్కపక్కన నిలుస్తాయి.

అరబ్బీలో ఇంకా ఆసక్తికరమైన సంగతి ఉంది. హ, ర, మ అన్న మూడు హల్లుల ధాతువు నుంచి ఒక పెద్ద పదకుటుంబం పుట్టింది. 'హరామ్' అంటే నిషిద్ధం. 'హరమ్' అంటే పవిత్ర ప్రాంగణం. 'ఇహ్రామ్' హజ్ యాత్రికుడు ప్రవేశించే నియమస్థితి, ఆ సమయంలో కట్టుకునే కుట్టులేని బట్టలకూ అదే పేరు. 'మొహర్రం' నెల పేరూ ఈ ధాతువు నుంచే. గౌరవం అన్న అర్థంలో వాడే 'ఇహ్తిరామ్' కూడా ఈ కుటుంబంలోదే. అంటే ఆ భాషలో నిషేధం, పవిత్రత, గౌరవం ఒకే వేరు నుంచి మొలిచాయి. దేన్ని ముట్టుకోకూడదో తెలియడమే గౌరవించడం.

రెండు భాషల్లో వేరువేరు దారుల్లో ఒకే ఊహ కనిపించడం కాకతాళీయమే అయినా ఉపయోగపడేది. గౌరవించడమంటే ఒప్పుకోవడం అన్న పొరపాటు అభిప్రాయాన్ని ఇది తొలగిస్తుంది. ఇంట్లో మడి కట్టుకున్న అవ్వను తాకకుండా పక్కకు తప్పుకునే మనవడు మడి సిద్ధాంతాన్ని నమ్మి తీరాలని లేదు. మడిలో ఉన్న కులభేదాన్ని రేపు ఆమెతోనే వాదించవచ్చు. తడిబట్టతో నిలబడ్డ ఆ క్షణంలో మాత్రం గీత ఆమెది, అది గీసే హక్కు ఆమెది అని గుర్తిస్తున్నాడు. యాత్రికుడి నుంచి మనం ఆశించేది ఈ గుర్తింపే.

ముస్లిం దేశం అన్నది ఒక్కటే కాదు

రెండో సంగతి 'స్థానిక' అన్న విశేషణం. ముస్లిం దేశాల ఆచారాలను గౌరవించాలి అన్నప్పుడు చాలామంది మనసులో ఒకే బొమ్మ మెదులుతుంది. ఆ బొమ్మ ఎంత తప్పో చెప్పడానికి ముస్లిమేతరుల సాక్ష్యం అక్కరలేదు. టాంజియర్‌లో 1304లో పుట్టి, 1325లో ఇల్లు వదిలిన ఇబ్న్ బతూతా చాలు. ఆయన ధర్మశాస్త్రం చదివినవాడు. 1343-44లో మాల్దీవుల్లో ఖాజీగా ఉన్నప్పుడు అక్కడి స్త్రీలు నడుము పైభాగాన ఏమీ కప్పుకోకుండా తిరగడం ఆయనకు మింగుడుపడలేదు. కప్పుకోమని ఆజ్ఞాపించాడు. ఎవరూ వినలేదు. తన న్యాయసభకు వచ్చేవారి వరకు మాత్రం నియమం అమలు చేయగలిగానని తానే రాసుకున్నాడు. 1352లో సహారా దాటి వలాటా చేరినప్పుడు అక్కడి ఖాజీ ఇంట్లో ఒక పరస్త్రీ స్నేహితురాలుగా కూర్చుని మాట్లాడటం చూసి విస్తుపోయాడు. మరో ఇంట్లో గృహస్థుడి భార్య తన స్నేహితుడితో మాట్లాడుతుంటే భర్త అందులో తప్పేమీ లేదన్నాడు. ఆ ఇంటికి మళ్ళీ పిలిచినా ఇబ్న్ బతూతా వెళ్ళలేదు.

మాల్దీవుల వాళ్ళూ, వలాటా వాళ్ళూ నమాజు చేసేవాళ్ళే. ఆ సంగతి ఆయనే మెచ్చుకుంటూ రాశాడు. మతం ఒకటే, మర్యాద వేరు. ఒకే మతానికి చెందిన పండితుడికే తికమక తప్పనప్పుడు, నాలుగు మాటలు విని బయలుదేరే పరమతస్థుడి సంగతి చెప్పనక్కరలేదు.

భాష ఇక్కడ మంచి మార్గదర్శి. మనం తెలుగులో వాడే 'నమాజు', 'రోజా' పారశీక పదాలు. అరబ్బు దేశాల్లో వాటిని 'సలాత్', 'సౌమ్' అంటారు. ప్రపంచంలో ముస్లింల సంఖ్య అత్యధికంగా ఉన్న దేశాల్లో ఒకటైన ఇండోనేషియాకు వెళితే ఉపవాసాన్ని 'పువాసా' అంటారు. అది మన 'ఉపవాసం' నుంచి వచ్చిన మాటే. మతాన్ని 'అగమ', స్వర్గాన్ని 'సుర్గ', నరకాన్ని 'నరక', పాపాన్ని 'దోస', పుణ్యఫలాన్ని 'పహల' అంటారు. ఆగమం, దోషం, ఫలం అన్న మాటలు అక్కడ మసీదులో వినిపిస్తాయి. ఈ మాటల్లో ఇస్లాం ఆ దీవులకు వచ్చిన చరిత్ర ఉంది. పాత మాటను తుడిచేయకుండా దానికి కొత్త అర్థం ఇచ్చుకుంది.

తలుపుల సంగతీ అంతే. టర్కీలో పెద్ద మసీదులు నమాజు వేళలు తప్పించి సందర్శకులకు తెరిచి ఉంటాయి. మొరాకోలో వాడుకలో ఉన్న మసీదుల్లోకి ముస్లిమేతరులు పోకూడదన్నది సాధారణ నియమం. 1993లో పూర్తయిన కాసాబ్లాంకాలోని రెండో హసన్ మసీదు ప్రసిద్ధమైన మినహాయింపు. మక్కా నగరంలోకే ముస్లిమేతరులకు ప్రవేశం లేదు. ఇస్తాంబుల్‌లోని అయా సోఫియా 1453లో చర్చి నుంచి మసీదయింది, 1934 నాటి నిర్ణయంతో మ్యూజియం అయింది, 2020లో మళ్ళీ మసీదయింది. ఒకే కట్టడం ముందు 2019లో సరిపోయిన ప్రవర్తన 2021లో సరిపోదు.

దక్షిణాదిలో పెరిగిన తెలుగువారికి ఇంకో చిక్కు ఉంది. నాగూరు దర్గా, గుల్బర్గాలోని బందేనవాజ్ దర్గా, నెల్లూరు రొట్టెల పండుగ, ఊరూరా పీర్ల పండుగ చూసినవాళ్ళం. తలమీద రుమాలు వేసుకుని, పూలు సమర్పించి, ప్రసాదం తెచ్చుకున్నవాళ్ళం. ఇది విలువైన వారసత్వం. అయితే దర్గా గుమ్మంలో దొరికిన చనువు ప్రతి మసీదు గుమ్మంలోనూ దొరకాలని అనుకుంటే అది గౌరవం కాబోదు. ప్రేమతో చేసినా అది దబాయింపే.

వేషం వేసుకున్న కుతూహలం

ఇక అసలు పుస్తకాల్లోకి వద్దాం. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారిగా పనిచేసిన రిచర్డ్ బర్టన్ 1853లో ముస్లిం యాత్రికుడి వేషంలో మదీనా, మక్కాలకు వెళ్ళాడు. లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అండ ఉంది. మదీనా, మక్కా యాత్రల గురించిన ఆయన గ్రంథం 1855-56లో వెలువడింది. అరబ్బీ, పారశీక, హిందుస్తానీ భాషలు ఆయనకు బాగా వచ్చు. నమాజులో ఎక్కడ వంగాలో, నీళ్ళు తాగేముందు ఏమనాలో, తస్బీహు పూసలు ఎలా తిప్పాలో అన్నీ నేర్చాడు. వివరాల్లో ఆయన పొరపాట్లు వెతకడం కష్టం. ఆచారం తెలియడాన్నే గౌరవం అనేట్లయితే బర్టన్‌ను మించిన మర్యాదస్తుడు ఉండడు.

కాని కాబా దగ్గరికి చేరిన ఘట్టం చదివితే లోటు ఎక్కడుందో తెలుస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళది భక్తి పారవశ్యమనీ, తనది అనుకున్నది సాధించిన గర్వమనీ ఆయనే ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుకోలులో నిజాయితీ ఉంది. అందుకే పుస్తకం ఈనాటికీ చదివిస్తుంది. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. మక్కాలో ఆయన బస చేసింది తోటి ప్రయాణికుడైన మహమ్మద్ అనే యువకుడి తల్లి ఇంట్లో. ఆమె అన్నం పెట్టింది ఒక హాజీకి. తిన్నది మరొకడు. బట్టల చాటున రహస్యంగా రాసుకున్న కాగితాలు, గీసుకున్న పటాలు భూగోళశాస్త్రానికి ఉపయోగపడి ఉండవచ్చు. గుట్టు బయటపడితే ఆ కుటుంబానికి ఏమయ్యేదన్న ప్రశ్న మాత్రం పుస్తకంలో చోటు చేసుకోదు. ఆపద అంతా కథానాయకుడిదే అయినట్టు కథనం నడుస్తుంది.

రాబర్ట్ బైరన్ సంగతి ఇంతకంటె సున్నితం. ఈయన కవి బైరన్ కాదు, ఇస్లామిక్ వాస్తుకళను ప్రాణంగా ప్రేమించిన ఇరవయ్యో శతాబ్దపు ఆంగ్ల రచయిత. 1933-34లో ఇరాన్, అఫ్ఘనిస్తాన్‌లలో తిరిగి, 1937లో 'ది రోడ్ టు ఆక్సియానా' వెలువరించాడు. మషద్ నగరంలో ఇమామ్ రజా సమాధి ప్రాంగణంలో గౌహర్ షాద్ మసీదు ఉంది. తైమూర్ కోడలు, షారూఖ్ భార్య గౌహర్ షాద్ కట్టించింది. 1418లో పూర్తయింది. పరమతస్థులకు ప్రవేశం లేని ఆ మసీదులోకి బైరన్ 1934లో స్థానికుడి వేషంలో వెళ్ళి చూశాడు. ఆ తర్వాత ఆయన రాసిన వర్ణన అద్భుతం. పలకల రంగులు, కమానుల కొలతలు, వెలుగు పడే తీరు కళ్ళకు కడతాయి. మనుషులు మాత్రం ఆ వర్ణనలో పట్టుకునే ప్రమాదంగానే కనిపిస్తారు. కట్టడాన్ని ప్రేమించాడు, కట్టడం ఎవరిదో వారిని అడ్డంకిగా చూశాడు. సరిగ్గా మరుసటి ఏడాది, 1935 జూలైలో, రెజా షా దుస్తుల శాసనాలకు నిరసనగా ఆ మసీదులోనే జనం గుమిగూడారు. సైన్యం కాల్పుల్లో ఎందరో చనిపోయారు. బైరన్ చూసిన అందమూ నిజమే. ఆ అందం చుట్టూ ప్రాణమిచ్చేంత అనుబంధం ఉన్న మనుషులూ నిజమే. రెండోది ఆయన పుస్తకంలో కనిపించదు.

వేషాన్ని సాహసంగా మెచ్చుకునే పాఠకులు ఒక చిన్న పరీక్ష పెట్టుకోవాలి. ఒడిశాలో ఉన్న విద్యార్థులకు పూరీ జగన్నాథుని సింహద్వారం తెలుసు. హిందువులు కానివారికి లోపల ప్రవేశం లేదు. ఒక విదేశీయుడు నామం పెట్టుకుని, పంచె కట్టుకుని, పేరు మార్చుకుని లోపలికి వెళ్ళి కొలతలు తీసుకుని పుస్తకం రాశాడనుకుందాం. మనలో ఎందరు దాన్ని సాహసమని మెచ్చుకుంటారు? పూరీ నియమం సబబేనా అన్నది వేరే చర్చ, చేయదగ్గ చర్చ. దాన్ని మార్చాలనుకున్నవాడు ద్వారం ముందు నిలబడి అడుగుతాడు. వేషం వేసుకున్నవాడికి నియమం మారకపోవడమే లాభం, మారితే అతని పుస్తకానికి గిరాకీ ఉండదు.

దాచకపోవడం సగం మర్యాదే

వేషానికి పూర్తి విరుద్ధంగా నడిచినవాడు చార్లెస్ డౌటీ. 1876లో డమాస్కస్ నుంచి హజ్ బిడారుతో బయలుదేరి మదాయిన్ సాలిహ్ చేరి, ఆ తర్వాత 1878 దాకా అరేబియా ఎడారుల్లో బదూయిన్లతో తిరిగాడు. ఖలీల్ అన్న పేరు పెట్టుకున్నా, తాను క్రైస్తవుణ్ణన్న సంగతి ఎక్కడా దాచలేదు. అందుకు దెబ్బలు తిన్నాడు, ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. 1888లో వచ్చిన ఆయన రెండు సంపుటాల గ్రంథం ఈ నిజాయితీ వల్లనే ప్రామాణికమైంది.

అయితే డౌటీ పుస్తకంలో ఇస్లాం పట్ల తిరస్కారం అడుగడుగునా ఉంది. దాచకపోవడం ఆయన దృష్టిలో సత్యవ్రతం, ఎదుటివారి విశ్వాసం మూఢత్వం. విచిత్రమేమంటే ఆయన్ని రెండేళ్ళు బతికించింది ఆ విశ్వాసంలో పెరిగిన ఆతిథ్యమే. ఒకరి గుడారంలో ఉప్పూ రొట్టె తిన్నవాడికి హాని చేయకూడదన్నది ఎడారి నియమం. 'ఉప్పు తిన్న విశ్వాసం' అన్న మాట తెలిసిన మనకు దీన్ని వివరించనక్కరలేదు. ఉప్పు పెట్టినవాళ్ళు మాట తప్పలేదు. తిన్నవాడు కలంతో తప్పాడని అనిపిస్తుంది. గమ్మత్తుగా, ఆయన కళ్ళు ఆయన అభిప్రాయాలకంటె ఉదారమైనవి. తిరస్కారం పలికే పేజీ పక్కనే ఒక ముసలి బదూయిన్ దయను ఎంతో ఓపికగా వర్ణిస్తాడు. డౌటీని ఇప్పటికీ చదవడం ఆ కళ్ళకోసమే.

వి.ఎస్. నైపాల్ 'అమాంగ్ ద బిలీవర్స్' 1981లో వచ్చింది. ఇరాన్ విప్లవం జరిగిన 1979లోనే ఆయన ఆ దేశానికి వెళ్ళి, పాకిస్తాన్, మలేషియా, ఇండోనేషియాల మీదుగా ప్రయాణించాడు. వేషం లేదు, బలవంతపు ప్రవేశం లేదు. మనుషులతో కూర్చుని ఓపికగా ప్రశ్నలు అడిగాడు. సంభాషణను పట్టుకోవడంలో ఆయన చేయి తిరిగినవాడు. లోటు వేరేచోట ఉంది. స్థానిక భాషలు రాకపోవడం వల్ల దుబాసీలమీద ఆధారపడ్డాడు. ఎవరు ఏం చెప్పినా చివరకు అది ఆయన ముందే కట్టుకున్న సిద్ధాంతానికి ఉదాహరణగా మారుతుంది. విశ్వాసి మాట్లాడుతున్నంతసేపూ రచయిత మర్యాదగా వింటాడు. పేరా చివరి వాక్యం వచ్చేసరికి తీర్పు చెబుతాడు. ఎదురుగా చూపిన మర్యాద కాగితం మీదికి రాలేదు. ఎడ్వర్డ్ సయీద్ వంటి విమర్శకులు నైపాల్‌ను తప్పుపట్టింది ఇందుకే. తీర్పు చెప్పే హక్కు రచయితకు లేదని ఎవరూ అనరు. ఎదుటివాడికి జవాబు చెప్పే చోటు పేజీలో మిగిల్చాడా లేదా అన్నదే ప్రశ్న.

అడిగి వెళ్ళినామె

లేడీ మేరీ వర్ట్‌లీ మాంటగ్యూ ఇంగ్లండు రాయబారి భార్యగా 1717-18లో ఆటోమాన్ రాజ్యంలో ఉంది. ఆమె లేఖలు ఆమె చనిపోయిన మరుసటి ఏడాది, 1763లో, అచ్చయ్యాయి. అయా సోఫియా చూడాలనుకున్నప్పుడు ఆమె నగర పాలకుడికి కబురు పంపింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆయన ధర్మశాస్త్రజ్ఞులను పిలిపించాడు, ముఫ్తీ అభిప్రాయం అడిగాడు, కొన్ని రోజులు ఆలోచించారు. చివరకు అనుమతి వచ్చింది. ఆమె విసుక్కుంటూనే రాసింది, కాని రాసింది. ఆ విసుగులో కూడా తలుపు వెనుక ఒక వ్యవస్థ ఉందని, వాళ్ళలో వాళ్ళకు చర్చ ఉందని మనకు తెలుస్తుంది. వేషం వేసుకుని వెళ్ళినవాడికి ఈ చర్చ ఎన్నటికీ వినపడదు. అడగడం వల్ల ఆమెకు దొరికింది కట్టడం ఒక్కటే కాదు, ఆ సమాజం ఆలోచించే తీరు కూడా.

సోఫియా నగరంలోని స్నానశాల లేఖ ఇంకా ప్రసిద్ధం. దిగంబరంగా ఉన్న స్త్రీల మధ్యకు ఆమె ఇంగ్లీషు ప్రయాణపు దుస్తుల్లో వెళ్ళింది. వాళ్ళెవరూ నవ్వలేదు, గుసగుసలాడలేదు. స్నానానికి రమ్మని ఆదరంగా పిలిచారు. చొక్కా తెరిచి లోపలి బిగుతు రవికెను చూపిస్తే, భర్త ఆమెను ఆ యంత్రంలో పెట్టి తాళం వేశాడని జాలిపడ్డారు. యూరపులోని ఏ రాజసభలోనూ కొత్త మనిషి పట్ల ఇంత సభ్యత ఉండదని ఆమె అభిప్రాయపడింది. ఈ ఘట్టంలో చూసే కన్ను, చూడబడే మనిషి స్థానాలు మారతాయి. వింత ఆచారం తనదే అయింది. అలా కావడానికి ఆమె ఒప్పుకుంది, నవ్వుకుంది.

ఆమెకూ పరిమితులున్నాయి. రాయబారి భార్య కాకపోతే మూడో కబురుదాకా వచ్చేది కాదు. ఆమె చూసింది ఎక్కువగా సంపన్న గృహాలు. ముసుగు స్త్రీకి స్వేచ్ఛ ఇస్తుందన్న ఆమె వాదం పేద స్త్రీలకు, బానిసలకు ఎంతవరకు వర్తిస్తుందో ఆలోచించాలి. తిరస్కారం నుంచి తప్పించుకున్నవారు అతిమెప్పులోకి జారడం తరచు జరిగేదే.

ఆచారమా, ఆజ్ఞా?

ఇక్కడే కష్టమైన ప్రశ్న వస్తుంది. స్థానిక ఆచారాన్ని గౌరవించాలి సరే, స్థానికులే దానిమీద తగవు పడుతున్నప్పుడు ఏ పక్షాన్ని గౌరవించాలి? ఇరాన్‌లో 1936లో రెజా షా స్త్రీలు ముసుగు తీసేయాలని శాసించాడు. ఇష్టం లేని స్త్రీల తలలమీది బట్టను పోలీసులు లాగేశారు. 1979 విప్లవం తర్వాత పరిస్థితి తిరగబడింది. 1983లో తల కప్పుకోకపోవడం శిక్షార్హమైన నేరంగా చట్టం వచ్చింది. 2022 సెప్టెంబరులో నైతిక పోలీసులు పట్టుకుపోయిన మహసా అమీనీ అనే యువతి వారి నిర్బంధంలో ఉండగా ప్రాణం పోగొట్టుకుంది. దేశమంతటా స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. 1936లో బట్ట తీయనన్న స్త్రీ, 2022లో బట్ట వేయనన్న స్త్రీ ఇద్దరూ కాపాడుకోజూసింది ఒకే హద్దును. తన ఒంటిమీద తన మాట చెల్లాలన్న హద్దు అది.

కాబట్టి యాత్రాకథకుడు ఆచారాన్ని, ఆజ్ఞను విడదీసి చూడాలి. అక్కడి చట్టానికి లోబడి తల కప్పుకోవడం వేరు, వెంట ఉన్న స్థానిక స్నేహితురాలికి ఇబ్బంది కలగకుండా కప్పుకోవడం వేరు, తిరిగివచ్చి 'అక్కడి ఆడవాళ్ళకు అదే ఇష్టం' అని రాయడం వేరు. మొదటి రెండూ వివేకం. మూడోది, ఎవరినీ అడగకుండా అందరి తరపునా సాక్ష్యం చెప్పడం. మాట్లాడలేని స్థితిలో ఉన్నవాళ్ళ మౌనాన్ని అంగీకారంగా రాసుకోవడం మర్యాద అనిపించుకోదు.

మన వాక్యాల సంగతి

చివరగా మన భాష. తెలుగులో కర్త లేకుండా బహువచన క్రియ వాడే సౌకర్యం ఉంది. 'చెప్పులు విప్పమన్నారు', 'తల కప్పుకోమన్నారు', 'లోపలికి పోనివ్వలేదు'. ఎవరన్నారు? ఈ వాక్యాల్లో మనిషి ఉండడు, అడ్డు మాత్రం ఉంటుంది. 'గుమ్మం దగ్గర కూర్చున్న పెద్దాయన, నమాజు అయ్యేదాకా ఆగమ్మా అన్నాడు' అని రాస్తే ముఖం ఉన్న మనిషి, కారణం ఉన్న నియమం కనిపిస్తాయి. వ్యాకరణంలో చిన్న మార్పు, దృష్టిలో పెద్ద మార్పు. యాత్రాకథనాలు చదివేటప్పుడు విద్యార్థులు ఈ కర్త లేని క్రియలను గీత గీసి లెక్కపెట్టుకుంటే ఎన్నో సంగతులు బయటపడతాయి.

పేర్ల విషయమూ అంతే. 'తురక' అన్న మాట మొదట తుర్కు జాతిపేరు. కాలక్రమాన ముస్లింలందరికీ పేరయింది, ఉర్దూ 'తురకం' అయింది. ఈనాడు ఆ మాట వినేవారిని నొప్పిస్తుంది. నిఘంటువులో దాని పుట్టుక నిర్దోషమే కావచ్చు, మాటకు మర్యాద దాన్ని వినేవాడి చెవిలో ఉంటుంది. ఇండోనేషియా మసీదులో 'పువాసా' విని 'ఇది మనదే' అని ఉప్పొంగేవారికీ ఇదే సూచన. పదం ప్రయాణం చేసింది, యాజమాన్యం దానితో ప్రయాణం చేయదు. ఆ మాటను నాలుగైదు వందల ఏళ్ళుగా వాడుకుంటున్నవాళ్ళదే అది.

ఒక యాత్రాకథనాన్ని అంచనా వేసేటప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోవచ్చు. రచయిత అడిగి వెళ్ళాడా, అడక్కుండా వెళ్ళాడా? తానెవరో దాచాడా? తన వల్ల ఆపద ఎవరికని ఆలోచించాడా? ఒకచోటి నియమాన్ని మతమంతటికీ అంటగట్టాడా? ఆచారాన్నీ ఆజ్ఞనూ విడదీశాడా? ఎదుట చూపిన మర్యాద పేజీలోనూ నిలిచిందా? ఈ కొలతలన్నిటికీ నిలిచే పుస్తకం నాకింతవరకు కనపడలేదు. అయినా కొలతలు అవసరమే. బర్టన్ భాషాజ్ఞానం, బైరన్ కన్ను, డౌటీ నిర్భయత్వం, నైపాల్ చెవి, మాంటగ్యూ అడిగే అలవాటు విడివిడిగా దొరికాయి. ఇవి ఒకచోట చేరితే ఎటువంటి పుస్తకం వస్తుందో ఊహించవచ్చు.

ఆ పుస్తకం తెలుగులో రావడానికి తగినవారు ఈ పత్రిక చదివేవారిలో ఉండవచ్చు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో మాట్లాడుతూ పెరిగినవాళ్ళు, పరాయిచోట ఉంటూ తమను తాము దాచుకోకుండా, ఎదుటివారి గీత తొక్కకుండా మసలడం తరతరాలుగా అభ్యాసం చేసినవాళ్ళే. ఆ అభ్యాసాన్ని గడప దాటేటప్పుడూ, దాటకుండా ఆగినప్పుడూ గుర్తుంచుకుని, తిరిగివచ్చి రాసేటప్పుడు కూడా మరవకపోతే చాలు.